కౌన్సెలింగ్ గదిలో అర్థమైన పని ఇంటికొచ్చాక ఎందుకు చేయలేకపోతున్నాం?

ఒడిశాలోని రాయగడ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా చెప్తాను. వయసు 34, హోల్‌సేల్ కిరాణా వ్యాపారం. నాన్నగారు పోయాక మొదలైన దిగులు, గాభరాలకు ఆర్నెల్లుగా కౌన్సెలింగ్‌కి వెళ్తున్నారు. గదిలో ఉన్నంతసేపూ అంతా తేటగా ఉంటుంది, ఏం చేయాలో తెలుస్తుంది. ఇంటికొచ్చాక మాత్రం నాన్నగారి చేతిరాత ఉన్న లెక్కల ఫైలు తెరవలేరు, జీఎస్టీ రిటర్నులు పెట్టలేరు, తమ్ముడితో వాటాల మాట ఎత్తలేరు. మీ ఎగ్జిక్యూటివ్ ఫంక్షనింగ్, అంటే అనుకున్న పనిని మొదలుపెట్టి వరసగా నడిపించుకునే శక్తి, బలహీనంగా ఉందని కౌన్సెలర్ అన్నారట. "ఇది మెదడు లోపమా? పరీక్షలు చేయించుకోవాలా? వారం వారం నా బాధ గురించి మాట్లాడే బదులు నేరుగా ఒక టైంటేబుల్ నేర్పితే సరిపోదా?"

సూటిగా జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది మెదడు లోపంలా లేదండి. షాపులో నలభై మంది ఖాతాలు నోటిలెక్కన చెప్తానని, లారీ ఆలస్యమైతే అప్పటికప్పుడు వేరే ఏర్పాటు చేస్తానని మీరే రాశారు. ఆ పనులకు కావలసింది కూడా ఎగ్జిక్యూటివ్ ఫంక్షనే. అది షాపులో బాగుండి, ఒక్క ఫైలు దగ్గర, ఒక్క మనిషి దగ్గర మాత్రమే చతికిలబడుతోందంటే సామర్థ్యం ఉన్నట్టే, ఆ క్షణంలో చేతికి అందడం లేదు. అందకుండా చేస్తున్నది ఆ ఫైలు చుట్టూ ఉన్న భావోద్వేగం. కాబట్టి టైంటేబుల్ ఒక్కటే చాలదు. బాధ గురించి మాట్లాడటం ఒక్కటే కూడా చాలదు. ఆ బాధ ఒంట్లో లేచిన సమయంలోనే పని మొదటి మెట్టు ఎక్కడం నేర్చుకోవాలి. మీ కౌన్సెలింగ్‌లో ఇప్పటిదాకా జరగనిది బహుశా ఇదే.

ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటే ఏమిటో ముందు చూద్దాం. 2000లో అకీరా మియాకే బృందం చేసిన పరిశోధన తర్వాత చాలామంది దీన్ని మూడు ముక్కలుగా చూస్తారు. చేయబోయినదాన్ని ఆపుకోవడం ఒకటి. ఒక పని మీంచి ఇంకో పని మీదకి బుర్ర మళ్లించుకోవడం రెండు. చేస్తున్న పని వివరాలను మనసులో తాజాగా పట్టి ఉంచుకోవడం మూడు. ప్రణాళిక వేయడం, మొదలుపెట్టడం, తప్పు కనిపిస్తే సరిదిద్దుకోవడం ఈ మూడిటి మీదే నిలుస్తాయి. మూడోదాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. అందులో ఒకేసారి పట్టేవి సుమారు నాలుగేనని నెల్సన్ కోవన్ 2001లో చూపించారు. ఏడు అని పాత పుస్తకాల్లో చదివి ఉంటారు, అది 1956 నాటి మాట. నాలుగే గళ్లు అన్నది గుర్తుంచుకోండి, దీనితో మనకు పనుంది.

ఈ పనులకు ముఖ్య స్థానం నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్. అది మెదడులో చాలా సున్నితమైన చోటు. యేల్ విశ్వవిద్యాలయంలో ఎమీ ఆర్న్‌స్టెన్ దశాబ్దాలుగా దీని మీదే పనిచేస్తున్నారు. మెలకువగా, ఆసక్తిగా ఉన్నప్పుడు నోరడ్రినలిన్ అనే రసాయనం మోస్తరుగా విడుదలై కణాల మీద దాన్ని అందుకునే ఆల్ఫా-2ఎ రిసెప్టర్లను పట్టుకుంటుంది, అక్కడి కణాల అల్లిక గట్టిపడుతుంది. ఒత్తిడి మన అదుపు దాటిందనిపించినప్పుడు అదే రసాయనం, దానితోపాటు డోపమిన్ అనే ఇంకో రసాయనం, మోతాదు మించి వస్తాయి. అప్పుడు పట్టుకునేవి ఆల్ఫా-1 రిసెప్టర్లు. కణాల మధ్య సంబంధం కాసేపు సడలిపోతుంది. పగ్గాలు భయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే మెదడు భాగానికీ, పాత అలవాట్లకీ వెళ్లిపోతాయి. వోల్టేజీ మరీ తగ్గితే ట్యూబ్‌లైటు వెలగదు, మరీ పెరిగితే స్టెబిలైజర్ కరెంటు ఆపేస్తుంది. రెంటిలోనూ ట్యూబ్‌లైటు పాడవలేదు.

గదిలో తేటగా ఉండి ఇంట్లో మసకబారడానికి కారణం ఇక్కడే ఉంది. కౌన్సెలర్ ఎదురుగా ఉన్నప్పుడు మీ బుర్రలో సగం పని ఆవిడ చేసిపెడుతున్నారు. వరస ఆవిడ పట్టుకుంటారు, పక్కదారి పడితే ఆవిడ తిప్పుతారు, గాభరా లేస్తే ఆవిడ గొంతు నెమ్మదిస్తుంది. అరువు తెచ్చుకున్న నుదురు అది. గుమ్మం దాటగానే ఆ అరువు అయిపోతుంది. పైగా మనసు చల్లగా ఉన్నప్పుడు నేర్చుకున్నది మనసు వేడెక్కినప్పుడు సులభంగా గుర్తుకు రాదు. ఇందులో మీ బద్ధకం ఏమీ లేదండి. దయచేసి ఆ మాట మీ మీద మీరు వాడుకోకండి, ఎందుకో సిగ్గు దగ్గర చెప్తాను.

అన్ని భావోద్వేగాలూ ఒకేచోట దెబ్బ కొట్టవు. ఇది చూసుకోకుండా అందరికీ ఒకే హోంవర్కు ఇవ్వడం వల్లే చాలా కౌన్సెలింగులు నెలల తరబడి అక్కడే తిరుగుతాయి.

ఆందోళన తినేది ఆ నాలుగు గళ్లను. "నోటీసు వస్తే ఏమిటి? బ్యాంకులో తెలిస్తే ఏమిటి?" అన్న రెండు ఆలోచనలు రెండు గళ్లలో బైఠాయిస్తే రిటర్నుకి మిగిలేవి రెండే. అందుకే పోర్టల్ తెరుస్తాం, ఓటీపీ కోసం ఫోన్ తీస్తాం, ఫోన్ ఎందుకు తీశామో మరిచిపోతాం. గళ్లు ఖాళీ చేయడమే దీనికి మందు. పనికి ముందు పది నిమిషాలు, భయాలన్నీ ఒక కాగితం మీద ముక్కలు ముక్కలుగా రాసి పక్కన బోర్లించాలి. పని మెట్లు ఇంకో కాగితం మీద రాసి కళ్ల ముందు ఉంచాలి. మనసులో పెట్టుకుని చేద్దాం అనుకుంటే కుదరదు.

దిగులు దెబ్బతీసేది మొదలుపెట్టడాన్ని. మిగతా భాగాలు పనిచేస్తున్నా, ఆ పని వల్ల వచ్చే మేలు మెదడుకి మేలుగా అనిపించదు, అందుకే కాలు కదలదు. "మనసు బాగుంటే చేస్తాను" అన్నది ఇక్కడ తిరగబడిన వరస. 1996లో నీల్ జేకబ్సన్ బృందం డిప్రెషన్ చికిత్సను ముక్కలుగా విడదీసి పోల్చి చూస్తే, ఆలోచనలు మార్చే భాగం లేకుండా కేవలం పనుల్లోకి దింపే భాగం ఒక్కటే పూర్తి చికిత్సకు దీటుగా పనిచేసింది. కాబట్టి దిగులుకి మందు చిన్న పని. ఎంత చిన్నదంటే, మనసు బాగా లేకపోయినా చేసేయగలిగేంత.

కోపం కొట్టేది ఆపుకునే శక్తిని. తమ్ముడితో మాట్లాడటానికి కూర్చుని మూడో మాటకే పాత లెక్కలు తీయడం దీని పని. ఇక్కడ కావలసింది ఆలస్యం. ముఖాముఖిలో "పది నిమిషాలాగి వస్తాను" అన్న ఒక్క వాక్యం ముందే అనుకుని పెట్టుకోవాలి. రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్‌లో వాటాల ప్రస్తావన చేయకూడదన్నది రెండో నియమం.

సిగ్గు అన్నిటికన్నా గుట్టుగా పనిచేస్తుంది. ఇది పనిని వాయిదా వేయించి ఊరుకోదు, వాయిదా వేసిన సంగతినే దాయిస్తుంది. హోంవర్కు చేయలేదని చెప్పలేక ఆ వారం కౌన్సెలింగే మానేస్తారు. మన ఊళ్లు చిన్నవి. కౌన్సెలరూ మనమూ ఒకే పెళ్లి భోజనాల దగ్గర ఎదురుపడతాం. అందుకే ఇది మరీ ఎక్కువ. "నేను బద్ధకస్తుణ్ణి" అని తిట్టుకున్న ప్రతిసారీ ఆ ఫైలు ఇంకాస్త భయంకరంగా తయారవుతుంది. వాయిదా వేయడమంటే సమయం సర్దుకోలేకపోవడం కాదు, అప్పటికప్పుడు మనసుకి కాస్త ఊరట కొనుక్కోవడం అని ఫూషియా సిరోయ్, టిమోతీ పిచిల్ 2013లో వివరించారు. సిగ్గుకి మందు ఒకటే: ఆ పనిని ఇంకొకరి ఎదుట, గదిలోనే, నిజం ఫైలుతో మొదలుపెట్టడం.

మీ విషయంలో ఈ నాలుగిటి కింద ఇంకోటి ఉందనిపిస్తోంది. ఆ ఫైలు తెరిస్తే నాన్నగారి చేతిరాత కనిపిస్తుంది. జీఎస్టీ పని, దుఃఖం ఒకే అట్టల మధ్య ఉన్నాయి. ఈ రెంటినీ విడదీయాలి. నాన్నగారి చేతిరాత ఉన్న పేజీలను ఒక రోజు కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లి, ఆవిడ ఎదుట తిరగేయండి. ఏడుపొస్తే ఏడవండి. రిటర్నుకి కావలసిన బిల్లులు మాత్రం వేరే ఫైల్లోకి మార్చండి. రెండు ఫైళ్లు, రెండు వేర్వేరు వేళలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇదంతా చదివి భావోద్వేగాన్ని అణిచేస్తే బుర్ర బాగా పనిచేస్తుందనుకోకండి. ఆంటోనియో డమాసియో వివరించిన ఎలియట్ అనే రోగికి మెదడు ముందుభాగంలో కణితి తీసేశాక తెలివితేటల పరీక్షలన్నీ మామూలుగానే వచ్చాయి. పోయింది భావోద్వేగ స్పందన. దానితోపాటు నిర్ణయాలూ పోయాయి. కాగితాలు ఏ వరసలో సర్దాలన్న దానిమీదే పూటంతా గడిపేవాడు. ఏది ముఖ్యమో చెప్పేది భావోద్వేగమే. అది మరీ తక్కువైనా పని సాగదు, మరీ ఎక్కువైనా సాగదు. అందుకే బాధను మరిచిపోవడానికి మద్యం పుచ్చుకోవడం, నిద్రమాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవడం ఈ సమస్యకి నేరుగా ఎదురు తిరుగుతాయి. ఆల్ప్రాజొలామ్, క్లోనజెపామ్ లాంటివి గాభరాని తగ్గిస్తాయి, జ్ఞాపకాన్నీ చురుకునీ కూడా తగ్గిస్తాయి. ఇప్పటికే వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా మానకండి, అది ప్రమాదం. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఇక పద్ధతి. వచ్చే సెషన్‌లో కౌన్సెలర్‌ని ఇలా చేయించమని అడగండి. అడగడంలో తప్పు లేదండి, మంచి కౌన్సెలరైతే సంతోషిస్తారు.

యాభై నిమిషాల్లో మొదటి పది మామూలు మాటలకి. తర్వాత ఫైలు నిజంగా బల్ల మీద పెట్టండి. గాభరా ఎంతుందో సున్నా నుంచి పదిలో ఒక మార్కు వేయండి. మూడు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఇంకా అసలు చోటుకి రాలేదని అర్థం, పేజీ తెరవండి. నాలుగు నుంచి ఆరు దాకా పనికొచ్చే వేడి. ఏడుకి చేరితే ప్రణాళిక మాట ఎత్తకూడదు, ముందు ఒళ్లు నెమ్మదించాలి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలడం, ఐదు నిమిషాలు. ఊపిరి మీద దృష్టి పెడితే కొందరికి గాభరా పెరుగుతుంది. వాళ్లు పాదాలు నేలకి గట్టిగా నొక్కి గదిలో కనిపిస్తున్న ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పడం మేలు. చన్నీళ్లతో ముఖం తడుపుకోమని కొందరు చెప్తారు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, బీటా-బ్లాకర్లు (గుండె వేగాన్ని తగ్గించే మందులు) వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా చేయకూడదు.

తర్వాత ఆ భావానికి పేరు పెట్టండి, ఒక్క మాటలో. భావానికి పేరు పెట్టినప్పుడు అమిగ్డలా స్పందన తగ్గుతుందని మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో స్కాన్లలో చూపించింది. "అదోలా ఉంది" అన్నది పేరు కాదు. భయమా, సిగ్గా, బెంగా, చిరాకా, అన్యాయం జరిగిందన్న మంటా? పేరు మారితే పైన చెప్పిన మందు మారుతుంది.

ఆ తర్వాత ఒక "అయితే-అప్పుడు" వాక్యం కట్టాలి. పీటర్ గోల్విట్సర్ చాలా ఏళ్లు దీని మీద పనిచేశారు. ఆయన, పాస్కల్ షీరన్ 2006లో 94 పరిశీలనలను కలిపి చూసి, మామూలు సంకల్పం కన్నా ఇలాంటి వాక్యం గట్టి ఫలితమిస్తుందని చెప్పారు. ఎందుకంటే ఎప్పుడు మొదలుపెట్టాలన్న నిర్ణయాన్ని అలసిన నుదుటి మీద పెట్టకుండా బయటి గుర్తు మీద పెడుతుంది. ఆ గుర్తు రోజూ దానంతటది జరిగేదై ఉండాలి. మన భాషలో "తీరిక దొరికితే", "వీలు చూసుకుని", "చూద్దాం" అనేవి గుర్తులు కావు, అవి మర్యాదగా కాదనడం. మీకు సరిపడే వాక్యం ఇలా ఉండొచ్చు: "పొద్దున షట్టరెత్తి దేవుడి పటానికి అగరవత్తి వెలిగించగానే, బిల్లుల ఫైలు గల్లాపెట్టె పక్కన పెట్టి మొదటి బిల్లు బయటికి తీస్తాను." అంతే. రిటర్ను పెడతాను అని రాయకూడదు. రాత్రి షట్టరు దించాక పెట్టుకోవద్దు, అప్పటికి బుర్రలో మిగిలేది ఏమీ ఉండదు.

ఆ వాక్యాన్ని అక్కడికక్కడే రెండుసార్లు నటించి చూపించాలి. అగరవత్తి వెలిగించినట్టు చేయడం, ఫైలు తీయడం. పెద్దవాళ్లకి ఇది పిల్లాటలా అనిపిస్తుంది, అయినా ఈ మెట్టు వదిలేస్తే మిగతాదంతా గదిలోనే ఉండిపోతుంది. చివరి ఐదు నిమిషాలు, "దీన్ని ఏది చెడగొడుతుంది?" అన్న ప్రశ్నకి. అప్పుడే గుమాస్తా వస్తాడా? ఫోను మోగుతుందా? ఒక్కోదానికీ ఇంకో వాక్యం.

సరిహద్దు ఊళ్లలో మాత్రమే వచ్చే ఒక చిక్కు ఉంది. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం తెలుగువాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదువు ఒడియాలో. కౌన్సెలింగ్ ఒడియాలోనో హిందీలోనో నడుస్తుంది. రెండో భాషలో మాట్లాడినప్పుడు భావోద్వేగం కాస్త దూరంగా ఉండటం మామూలే. దానివల్ల గదిలో చెప్పుకోవడం తేలికవుతుంది, అదే కారణంగా అక్కడ కుదిరిన మాట ఇంట్లో తెలుగులో లేచే బాధను తాకదు. మీరు మనసులో మిమ్మల్ని ఏ భాషలో తిట్టుకుంటారో గమనించండి, వాక్యం ఆ భాషలో ఉండాలి. తెలుగు చదవడం రాకపోతే తెలుగు మాటల్నే ఒడియా అక్షరాల్లో రాసుకోండి, లేదా మీ గొంతుతోనే ఫోన్లో ఇరవై సెకన్లు రికార్డు చేసుకోండి. కౌన్సెలర్‌కి తెలుగు రాకపోయినా ఈ రికార్డింగు గదిలోనే చేయొచ్చు.

ఇంకోటి, మర్యాద. పెద్దచదువు చదివినవాళ్లు ఏదైనా చెప్తే మనం "సరేనండి" అంటాం. అది ఒప్పుకోలు కాదు, గౌరవం. హోంవర్కు పెద్దదని అప్పుడే తెలుసు, నోరు పెగలదు. అందుకే ప్రతి పనికీ "ఇది చేస్తానన్న నమ్మకం పదికి ఎంత?" అని అడగమనండి. ఎనిమిది కన్నా తక్కువైతే పని సగానికి కోయాలి. మళ్లీ అడగాలి.

ఎక్కువగా చెడేచోట్లు చెప్తాను. గాభరా తొమ్మిదిలో ఉన్నప్పుడు "ఇంకో కోణంలో ఆలోచించు" అనడం. కొత్త కోణం వెతకడానికి కావలసింది అప్పటికే సడలిపోయిన భాగం. ఫోన్లో ఆరు అలారాలు పెట్టడం, మూడో రోజుకి అన్నీ చెయ్యి చూడకుండానే ఆపేస్తుంది. ఒకటే పెట్టండి. ఇంట్లో ఆవిడ చేత గుర్తు చేయించుకోవడం. మొదటి రెండు రోజులు సాయం, తర్వాత పోరు, ఆపైన సిగ్గు. ఇంట్లోవాళ్లు గుర్తు చేసేకన్నా, మీరు బిల్లు తీసే ఐదు నిమిషాలూ పక్కన తమ పని తాము చేసుకుంటూ కూర్చుంటే చాలా మేలు. ఇక ఒక వారం తప్పితే మొత్తం వదిలేయడం. తప్పే వారం తప్పకుండా వస్తుంది, ఆ వారం కౌన్సెలింగ్ మానకూడదని ఇప్పుడే మాట అనుకోండి.

పరీక్షల సంగతి. ఇవి ఉంటే తప్పకుండా చేయించుకోవాలి: పన్నెండేళ్ల లోపు నుంచీ ఇంట్లోనూ బడిలోనూ ఇదే తీరు ఉండటం (చిన్నప్పటి నుంచీ ధ్యాస నిలవని సమస్య, ఏడీహెచ్‌డీ, ఉందేమో చూడాలి), తలకి గట్టి దెబ్బ, ఫిట్స్, పక్షవాతం, తాగుడు, యాభై దాటాక కొత్తగా వచ్చిన మార్పు. మన జిల్లాల్లో ఇంకోటి అడగాలి: చిన్నతనంలో మెదడుకెక్కిన మలేరియా వచ్చిందా అని. తగ్గిపోయాక కూడా కొందరిలో ధ్యాస, ప్రణాళికల్లో లోటు మిగులుతుంది. వీటికన్నా ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, షుగర్ చూపించుకోండి. గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగుతుంటే నిద్ర గురించి డాక్టరుకి చెప్పండి.

ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్‌ని కొలిచే స్ట్రూప్, ట్రెయిల్ మేకింగ్, విస్కాన్సిన్ కార్డుల లాంటి పరీక్షలు ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నమోదున్న క్లినికల్ సైకాలజిస్టు చేయాలి. బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ పరీక్షల కట్టలో (బ్యాటరీ అంటారు) వయసు, చదువు, ఆడ-మగ బట్టి మన దేశపు ప్రమాణాలున్నాయి, అది ఉన్నచోట చేయించుకోవడం మంచిది. అయితే మీ చిక్కును ఇవి పట్టుకోకపోవచ్చు. నిశ్శబ్దమైన గది, పక్కనే సూచనలిచ్చే మనిషి, ఏ బాధా లేని పజిళ్లు. అక్కడ మళ్లీ నుదురు అరువే. మామూలుగా వస్తే "నీకేమీ లేదు" అని అర్థం కాదు. తక్కువ వచ్చినా, నిద్ర లేని వారంలోనో దిగులు ముదిరినప్పుడో చేసినదైతే దాన్ని పట్టుకుని లోపమని తేల్చకూడదు.

సైకియాట్రిస్టు కోసం బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కోరాపుట్ మెడికల్ కాలేజీ, విశాఖ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఈ పద్ధతులన్నీ పక్కన పెట్టి అదే రోజు వెళ్లండి.

రిటర్నుల గురించి చివరిగా. పన్ను కట్టాల్సి ఉన్న జీఎస్టీ 3బి రిటర్ను ఆలస్యమైతే రోజుకి 50 రూపాయలు ఫీజు పెరుగుతుంది. అందుకే మీరు బాగుపడేదాకా ఆ పని ఆగక్కర్లేదు. బిల్లులు వేరు చేశాక ఫైలును అకౌంటెంటుకి ఇచ్చేయండి. అతని దగ్గరికి వెళ్లడమే ఈ వారం మీ "అయితే-అప్పుడు" వాక్యం కావచ్చు. తమ్ముడి విషయం రెండు నెలల తర్వాత చూసుకోవచ్చు, రెండూ ఒకేసారి ఎత్తుకోకండి.

క్యాలెండరు మీద గుర్తు పెట్టేటప్పుడు పూర్తి చేసిన రోజులు కాకుండా మొదలుపెట్టిన రోజులు లెక్కించండి. నాలుగు వారాల్లో వారానికి మూడు నాలుగు రోజులైనా మొదటి బిల్లు బయటికొస్తే మెట్టు కాస్త పెంచొచ్చు. ఆరు వారాలైనా ఆ లెక్క కదలకపోతే ఆ క్యాలెండరు కాగితాన్నే పట్టుకెళ్లి సైకియాట్రిస్టుకి చూపించండి.